మళ్ళీ బాబాయికి సినిమా ఎక్కే విధం

ముందు చప్పుడు వినిపించేది. హాల్లో దీపాలు ఆరి, తెర మీద మొదటి వెలుగు పడి, పక్క కుర్చీలో ఎవరున్నారో ఇంకా తెలియని ఆ లేత చీకట్లో, మధ్య వరసల్లోంచి ఒక మూలుగు లేచేది. "అబ్బబ్బబ్బా." పంటి నొప్పి ఉన్నవాడు చల్లటి నీళ్ళు పుక్కిలించినట్టు ఉండేది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడి, ఎవరి ప్రాణం మీదికి వచ్చిందోనని వెనక్కి తిరిగేవాళ్ళు. పాతవాళ్ళు తిరిగేవాళ్ళు కాదు. మళ్ళీ బాబాయి వచ్చాడని వాళ్ళకి అర్థమైపోయేది.

మళ్ళీ బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ సినిమా ఆయనకి మొదటిసారి నచ్చదు. నచ్చనిదాన్ని నలుగురిలా వదిలేసి ఊరుకుంటే దాన్ని జబ్బు అనక్కర్లేదు. ఆయన మర్నాడు మళ్ళీ వెళ్తాడు. తిట్టుకుంటూ వెళ్ళి, తిట్టుకుంటూ వచ్చి, మళ్ళీ వెళ్తాడు. వెళ్ళగా వెళ్ళగా ఒకరోజు వాన కడిగిన అద్దంలాంటి మొహంతో వచ్చి, గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా ప్రకటిస్తాడు. "ఎక్కింది." అప్పటితో భోజనాల దగ్గర తిట్లు ఆగిపోయేవి. పొగడ్తలు మొదలయ్యేవి. తిట్లే నయమని ఇంట్లోవాళ్ళ అభిప్రాయం.

ఈ పేరు పెట్టింది ఆయన అన్నగారి కూతురు, పాకే వయసు దాటి మాటలు నేర్చుకునే రోజుల్లో. ఎక్కడికి బాబాయ్ అంటే సినిమాకి అనేవాడు, ఏ సినిమా అంటే మళ్ళీ అదే అనేవాడు. ఆ రుణం ఆయన తర్వాత తీర్చుకున్నాడు. ఆ పిల్ల పెద్దదై సినిమాలకి ఎడిటింగ్ చేసే పనిలో చేరాక 'కత్తెర' అని పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కత్తెరలు లేవు బాబాయ్, అంతా కంప్యూటర్లోనే అని ఆమె మొత్తుకుంది. "కంప్యూటర్ అని పిలిస్తే పలుకుతావా?" అని అడిగాడు. అందరికీ కత్తెరే అయిపోయింది.

బాబాయిది కళ్ళజోళ్ళ షాపు. సన్నగా, పొడుగ్గా, రెండు వైపులా అద్దాలతో, లోపలికి వెళ్ళినవాడికి తానే పదిమందిగా కనిపించే షాపు. వచ్చినవాళ్ళ ముక్కు మీద గుండ్రటి ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒక్కో గాజుబిళ్ళా జార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడగడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ మాత్రం కూర్చున్న మనిషి మొదటిదే బాగుందని చెప్పిన పాపానికి బాబాయి నొచ్చుకునేవాడు. అంత తొందరేమిటండీ, మళ్ళీ చూడండి అనేవాడు. మళ్ళీ చూసినవాడు కాస్త తటపటాయించేవాడు. ఇంకోసారి చూసేసరికి, ఇంతకాలం తాను చూసిన లోకం నిజమేనా అన్న అనుమానంతో బయటపడేవాడు.

ఒకసారి మందుల షాపాయన కళ్ళజోడు సంగీతం టీచరమ్మకీ, ఆవిడది ఈయనకీ వెళ్ళిపోయాయి. ఇద్దరూ ఆ సాయంత్రమే గోడలు పట్టుకుంటూ వచ్చారు. నేల పైకి లేస్తోందని ఆయన, మెట్లు పరిగెత్తుతున్నాయని ఆవిడ. బాబాయి చలించలేదు. కొత్త చూపు మొదట్లో అలాగే ఉంటుందనీ, పెట్టుకోగా పెట్టుకోగా ఎక్కుతుందనీ నచ్చజెప్పి పంపించాడు. కొన్నాళ్ళకి పిన్ని షాపులో కళ్ళజోళ్ళ డబ్బాలు తుడుస్తూ చీటీలు తారుమారైన సంగతి కనిపెట్టి లబోదిబోమంది. బాబాయి చెమటలు కక్కుకుంటూ ఇద్దరి ఇళ్ళకీ పరిగెత్తాడు. మందుల షాపాయన కళ్ళజోడు విప్పనన్నాడు. ఇప్పుడు వాళ్ళావిడ కాస్త పొడుగ్గా, హుందాగా కనిపిస్తోందట. టీచరమ్మ అయితే తలుపే తీయలేదు. పిల్లలు దూరంగా కనిపిస్తున్నారు, ప్రాణానికి హాయిగా ఉంది, నన్నిలా వదిలేయండి అని కిటికీలోంచి చెప్పింది. బాబాయి ఇంటికొచ్చి, "చూశావా, ఇద్దరికీ ఎక్కింది" అన్నాడు. పిన్ని నోట మాట రాక తుడిచే గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పిన్నికి ఆయన దగ్గర నోట మాట పడిపోవడం కొత్త కాదు. పరిచయంలోనే మొదలైంది. అప్పట్లో ఆవిడ బట్టల షాపులో పనిచేసేది. ఎవరో చెబితే బాబాయి చూడటానికి వెళ్ళాడు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని టీ తాగాక, ఆవిడే ధైర్యం చేసి, నేను మీకు నచ్చానా అని అడిగింది. బాబాయి చాలాసేపు ఆలోచించి, నిజాయితీగా జవాబు చెప్పాడు.

"ఇంకా లేదండీ. మళ్ళీ రావచ్చా?"

"నా మొహం మీద ఆ మాట అన్న మగాడు ఇంకొకడు లేడు" అని పిన్ని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. తేరుకున్నాక తిట్టడానికే రమ్మందట. తిట్టడానికి సరైన మాట దొరక్క ఇంకోసారి రమ్మందట. చివరికి ఒక సాయంత్రం ఆయన బట్టల షాపు గుమ్మంలో నిలబడి, పట్టుచీరలు బేరమాడుతున్న ఆడవాళ్ళందరి ముందూ, "ఎక్కిందండీ" అని ప్రకటించాడట. ఇంతకీ అన్నిసార్లు ఎందుకు రావాల్సి వచ్చిందని ఎవరైనా అడిగితే, బాబాయి గొంతు తగ్గించి చెబుతాడు. మొదటి సగం కాస్త నెమ్మదిగా అనిపించిందట.

కత్తెర చిన్నప్పుడు సెలవులన్నీ ఈ బాబాయి పక్క కుర్చీలోనే గడిచాయి. అప్పట్లో ఒక సినిమా వచ్చింది. వాన పడుతున్న రైల్వేస్టేషన్. ఒకాయన బెంచీ మీద గొడుగు మర్చిపోయి రైలెక్కి వెళ్ళిపోతాడు. కథంతా అంతే. మొదటిరోజు బాబాయి మూలుగుకి ముందు వరసలో పసిపిల్ల నిద్రలేచి ఏడ్చింది. మర్నాడు కత్తెరని కూడా లాక్కెళ్ళాడు. ఆ మర్నాడు కూడా. పిల్లకి కథ కంఠతా వచ్చేసింది. కథ తెలిసిపోయాక ఇంక కళ్ళకి పనేముంటుంది? అవి ఊరికే తెర మీద తిరగసాగాయి. అలా తిరుగుతూ ఒకరోజు, ఆ మనిషి గొడుగు మర్చిపోవడానికి ముందు, వెనక బెంచీ మీద తడుస్తున్న ముసలావిడని ఒక్క క్షణం చూస్తాడని కనిపెట్టాయి.

"బాబాయ్, ఆయన మర్చిపోలేదు."

"ఊఁ" అన్నాడు బాబాయి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నాకూ ఇవాళే కనిపించింది."

ఆ తర్వాత చూసినప్పుడు బొమ్మకీ బొమ్మకీ మధ్య అతుకులు కనిపించాయి కత్తెరకి. ఆ చూపు ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో కనిపించింది. ఎవరో ఒకరు కూర్చుని, ఇంతసేపు చాలు అని నిర్ణయించి ఉంటారని తోచి, ఒళ్ళు ఝల్లుమంది. అలాంటి మనుషులు ఉంటారన్నమాట. పెద్దయ్యాక తానూ వాళ్ళలో చేరింది. ఇంట్లోవాళ్ళు నిర్ఘాంతపోయారు. తప్పంతా బాబాయిదేనన్నారు. ఆయన కాదనలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. బాబాయి ఒక సినిమాని మొదటిసారే మెచ్చుకోగా కత్తెర ఒక్కసారి విన్నది. పళ్ళ డాక్టరుగారి అబ్బాయి ఒక చిన్న సినిమా తీసి, తెలిసినవాళ్ళని ఇంటికి పిలిచి చూపించాడు. అయిపోగానే బాబాయి లేచి, చాలా బాగుంది బాబూ అన్నాడు. డాక్టరుగారు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. కత్తెర మాత్రం రోడ్డెక్కేదాకా తేరుకోలేకపోయింది. నిజంగా అంత బాగుందా బాబాయ్ అని అడిగింది. బాబాయి చెప్పిన జవాబు విని ఆమెకి ఎండలో చలి వేసింది.

"దాన్ని మళ్ళీ చూడను. చూడనప్పుడు ఒక మంచి మాట అనేసి రావడమే మర్యాద."

అంటే మూలిగితే ఆశ ఉన్నట్టు. మెచ్చుకుంటే మట్టి కప్పినట్టు.

కత్తెర తానొక్కతే కూర్చుని ఎడిటింగ్ చేసిన మొదటి సినిమా బయటికి వచ్చినప్పుడు, ఆమెకి నిద్రలో కూడా గుర్తొచ్చినది ఈ సంగతే. అది రిటైరైన బస్సు డ్రైవరు కథ. భార్య పోయాక ఇంట్లో ఉండలేక, తాను ఏళ్ళ తరబడి నడిపిన రూటులోనే రోజూ టికెట్టు కొనుక్కుని ప్రయాణం చేస్తుంటాడు. సినిమా చివర ఆయన ఆఖరి స్టాపులో దిగిపోతాడు. కెమెరా దిగదు. ఆయన కూర్చున్న సీటు మీదే ఉండిపోతుంది. ఖాళీ సీటు. ఇంకా ఖాళీ సీటు. ఆ షాటు తగ్గించమని నిర్మాత బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి తన కొడుకు చేత ఫోను కూడా చేయించాడు. కత్తెర ఒప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి గొంతు పెంచి మరీ నిలబెట్టుకుంది.

జనం రాలేదు. పేపర్లో రాసినాయన, ఈ సినిమాని కోసింది కత్తెరతో కాదు చెంచాతో అన్నాడు. ఇంకొకాయన, ఖాళీ సీటు దగ్గరికి వచ్చేసరికి ఎడిటర్ నిద్రపోయి ఉంటుందనీ, ఎవరైనా లేపి ఉంటే బాగుండేదనీ రాశాడు. కత్తెర ఆ రెండు ముక్కలూ ఎవరికీ చూపించలేదు. ఎవరికీ చూపించక్కర్లేకుండానే అందరూ చదివారు.

దర్శకుడు మంచివాడు. తర్వాతి సినిమా కూడా నువ్వే చెయ్యాలి, శనివారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పు, లేకపోతే వేరేవాళ్ళని చూసుకోవాలి అన్నాడు. ఈలోగా పళ్ళపేస్టుల ప్రకటనలు చేసే ఆఫీసొకటి ఆమెని రమ్మంది. అక్కడ ఏ షాటూ రెప్పపాటుకి మించి ఉండదు. ఎలా ఉందని ఎవరూ అడగరు, బాగాలేదని ఎవరూ రాయరు. కత్తెర మనసులో దాదాపు అటే వెళ్ళిపోయింది. గుమ్మం దాటకుండా పట్టి ఉంచినది ఒక్కటే. బాబాయి ఇంకా సినిమా చూడలేదు. నేనే తీసుకెళ్తాను, అప్పటిదాకా చూడొద్దని విడుదలకి ముందే మాట తీసుకుంది ఆమె. తీసుకెళ్ళడానికి ధైర్యం చాలక రోజులు జరిపింది. ఇప్పుడిక సినిమా ఒక్క హాల్లో మిగిలింది. శనివారం మధ్యాహ్నం ఆటతో అక్కడా ఆఖరు.

ఆ శనివారం కత్తెర, బాబాయి, పిన్ని కలిసి వెళ్ళారు. దారంతా కత్తెర మనసులో ఒకటే కోరిక. బాబాయి మూలగాలి. గట్టిగా, హాలు అదిరేలా మూలగాలి. అబ్బబ్బబ్బా అంటే చాలు, ఆ సినిమాలో ప్రాణం ఉన్నట్టే. సాయంత్రం దర్శకుడికి అవునని చెప్పేస్తుంది.

అది పాత హాలు. లోపల తడిసిన గోడల వాసన, పాప్‌కార్న్ వాసన కలిసిపోయి ఉన్నాయి. గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన కత్తెరని చూశాడు, పిన్నిని చూశాడు, బాబాయిని మాత్రం చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన పడుతున్న శ్రమ వింతగా అనిపించింది కత్తెరకి. దీపాలు అప్పటికే ఆర్పేశారు. పిన్ని తడుముకుంటూ, తూలుకుంటూ నడుస్తుంటే, బాబాయి మాత్రం సొంత వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళినంత సులువుగా వెళ్ళి ఒక కుర్చీలో కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. కత్తెర తెర చూడలేదు. బాబాయి మొహమే చూసింది.

మూలుగు రాలేదు.

మొదటి దృశ్యం అయింది, రెండోది అయింది. ఆ మొహం మీద నీలం వెలుగు, పచ్చ వెలుగు మారుతున్నాయి గానీ నోరు కదలడం లేదు. పైగా నవ్వుతున్నాడు. తెర మీద డ్రైవరు తాత ప్రయాణికుల సీట్లో కూర్చుని, బస్సు మలుపు తిరిగినప్పుడు అలవాటు కొద్దీ లేని బ్రేకుని కాలితో నొక్కే చోటు వచ్చింది. బాబాయి కాలు నేల మీద గట్టిగా నొక్కుకుంది. నవ్వాడు. జాలిపడి నవ్వుతున్నాడని కత్తెరకి అర్థమైంది. చివరికి ఖాళీ సీటు వచ్చింది. ఇప్పుడైనా, అనుకుంది ఆమె. ఆ షాటుకి అన్నీ తెలిసిన నిర్మాతే మూలిగాడు. బాబాయి మూలగలేదు. రుమాలు చేతిలో పట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. అటు పక్కన పిన్ని గురక పెడుతోంది. ఈ కుటుంబంలో నిజాయితీ గల మనిషి ఆవిడొక్కతేనని కత్తెరకి తోచింది.

దీపాలు వెలిగాయి. ఎలా ఉంది బాబాయ్ అని ఆమె అడిగేలోపే ఆయనే చెప్పాడు.

"చాలా బాగుంది."

గురక ఠక్కున ఆగింది. పిన్ని కళ్ళు తెరిచి, మొగుడి వైపు తిరిగి, తాను విన్నది కలేమోనని ఇంకోసారి చెప్పించుకుంది. ఆయన ఇంకోసారి చెప్పాడు. పిన్ని లేచి నిలబడి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వేడి లేదు. ఇంత వయసొచ్చాక ఈ మనిషికిదేం పోయేకాలమని కంగారుగా కత్తెర మొహంలోకి చూసింది.

కత్తెర మొహంలో రంగు లేదు. పళ్ళ డాక్టరుగారి ఇంటి ముందున్న ఎండ ఆమె కళ్ళ ముందు తెల్లగా పరుచుకుంది. థాంక్స్ బాబాయ్ అని, ఒక ఫోను చేసుకుని వస్తానని చెప్పి, వరసల మధ్యనుంచి బయటికి నడిచింది. హాలు మెట్ల మీద నిలబడి దర్శకుడి నంబరు నొక్కింది. చెప్పాల్సిన మాట సిద్ధంగానే ఉంది. సారీ అండీ, ఈసారికి వేరేవాళ్ళని చూసుకోండి.

అవతల ఫోను మోగుతోంది. మోగుతున్నంతసేపూ ఆమె బుర్ర అలవాటైన పని చేసుకుపోతోంది. ఇష్టమున్నా లేకపోయినా ఆ బుర్ర ఎప్పుడూ ఏదో ఒకటి వెనక్కి తిప్పి చూస్తూనే ఉంటుంది. మలుపు. తాత కాలు. బాబాయి కాలు. నవ్వు. మళ్ళీ తిప్పింది. మలుపు. బాబాయి కాలు. నవ్వు. తాత కాలు.

ఆమె చేతిలో ఫోను చల్లబడినట్టయింది.

నవ్వు ఎప్పుడూ తెర మీద బొమ్మ తర్వాతే వస్తుంది. చూడాలి, అర్థం కావాలి, అప్పుడు నవ్వాలి. ఆ కాస్త ఎడం ఎంతుంటుందో లెక్కవేసుకునే ఆమె షాట్లు కోస్తుంది. జాలితో నవ్వేవాడు ఇంకా ఆలస్యంగా నవ్వుతాడు. ముందు నవ్వేవాడు లోకంలో ఎవడూ ఉండడు, ఏం రాబోతోందో తెలిసినవాడు తప్ప.

అవతల దర్శకుడు హలో అనేలోపు ఆమె ఫోను పెట్టేసి వెనక్కి పరిగెత్తింది. బాబాయి, పిన్ని గేటు దగ్గరికి వచ్చి ఉన్నారు.

"బాబాయ్, తాత బ్రేకు నొక్కకముందే నువ్వెందుకు నొక్కావు?"

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మలుపు వస్తుంటే ఎవరైనా నొక్కుతారు కదా అన్నాడు. ఆ మలుపు తెర మీద కనిపించదనీ, బయట చూపించకుండా తానే కోసేశాననీ కత్తెర చెప్పింది. అయితే ఊరికే కాలు తిమ్మిరెక్కిందేమోలే అన్నాడు. తిమ్మిరెక్కితే నవ్వొస్తుందా అని ఆమె అడిగింది. రుమాలు కూడా ఖాళీ సీటు రాకముందే జేబులోంచి బయటికొచ్చిందని గుర్తుచేసింది. బాబాయి ఆ కళ్ళజోడుని అరిగిపోయేలా తుడుస్తున్నాడు.

అప్పుడు టికెట్లు చింపే పెద్దాయన హాల్లోంచి ఒక దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు. పాపం, ఆయన ఓపికగా మధ్యాహ్నమంతా నటించాడు. ఆట ఆఖరైపోయింది గదా, ఇంక దాచేదేముంది అనుకున్నట్టున్నాడు.

"ఇవాళ ఇది వేసుకోకుండానే కూర్చున్నారేంటి సార్? నడుం పట్టేస్తుందని రోజూ మీరే అంటారుగా. సినిమా ఎత్తేస్తున్నారు, మరి తీసుకెళ్ళండి."

పిన్ని దిండు వైపు చూసింది. నీలం గీతల దిండు. చూపు దిండు మీంచి మొగుడి మీదికి నెమ్మదిగా వెళ్ళింది.

"ఇది మన సోఫాలోది."

బాబాయి ఔనన్నట్టు తలూపాడు.

"పక్కింటి కుక్క ఎత్తుకుపోయిందని వాళ్ళతో మాటలు మానేశాను."

బాబాయి దానికీ తలూపాడు. పిన్నికి ఒక్కొక్కటే వెలుగుతోంది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే స్కూల్లో పిల్లలకి ఉచితంగా కళ్ళ పరీక్షలని బయల్దేరేవాడు ఈయన. మా ఆయన ఈ వయసులో ఎంత సేవ చేస్తున్నాడో అని ఆవిడ వీధంతా చెప్పుకుంది. హెడ్మాస్టరు ఎదురైతే, మీకు మాత్రం కృతజ్ఞత లేదండీ అని దులిపేసింది కూడా. ఆ హెడ్మాస్టరు ఆరోజు ఎందుకు అంత బిత్తరపోయాడో ఇప్పుడు అర్థమై, ఆవిడ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"మాట ఇచ్చావు కదా బాబాయ్, చూడనని" అంది కత్తెర. కోప్పడదామనుకుంది గానీ కోపం రాలేదు.

బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. విడుదలైన రోజే వెళ్ళానని ఒప్పుకున్నాడు. ఎలా ఉందని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు, నేల వైపు చూస్తూ. అంత పెద్ద అబ్బబ్బబ్బా తన జన్మలో ఎప్పుడూ అనలేదట. అంటున్నప్పుడే భయం వేసిందట. రేపు ఈ పిల్ల పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలని.

"నీ ముందు మూలగడం నాకిష్టం లేదు. నీకు అబద్ధం చెప్పడం అసలే ఇష్టం లేదు. ఇంకేం చెయ్యను చెప్పు? బాగుందన్న మాట నిజమయ్యేదాకా చూశాను."

టికెట్ల పెద్దాయన పక్కకి తిరిగి, చింపిన టికెట్ల ముక్కల్ని అవసరం లేకపోయినా ఇంకా చిన్నగా చింపసాగాడు. పిన్ని స్టూలు మీంచి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. బట్టల షాపు గుమ్మంలోకి అలసిపోకుండా వచ్చి నిలబడిన మనిషి ఆవిడకి కనిపించి ఉంటాడు.

"నీ మూలుగు కోసమే నిన్ను తీసుకొచ్చాను బాబాయ్" అంది కత్తెర. "మూలగలేదని, ఇప్పుడే ఫోను చేసి సినిమా పని మానేస్తున్నానని చెప్పబోయాను."

ఈసారి నోరు వెళ్ళబెట్టడం బాబాయి వంతయింది. తాను ఎంత మంచి పని చేసి ఎంత పని చేయబోయాడో అర్థమైంది ఆయనకి. దిండు తీసుకుని మెట్టు మీద వేసుకుని కూర్చున్నాడు. అక్కడ నుంచే అడిగాడు. ఆ ఖాళీ సీటు దగ్గర, ముందు నువ్వు కోయడం మర్చిపోయావనుకున్నాను, పేపర్లో రాసినాయన కూడా అదే అన్నాడు, నిజం చెప్పు, కావాలనే కదా ఉంచావు అని.

ఆమె తలూపింది.

"నాకు చాలా ఆలస్యంగా కనిపించింది" అన్నాడాయన. "ముసలాయన లేచి వెళ్ళిపోతాడు. సీటు మీద ఆయన బరువుకి పడిన గుంట అలాగే ఉంటుంది. అది మెల్లగా, మెల్లగా పైకి లేస్తుంది. మనిషి ఇంక రాడని సీటు నమ్మడానికి అంతసేపు పడుతుంది. తొందరగా కోసేస్తే అది నమ్మేది కాదమ్మా."

ఆ గుంట సంగతి కత్తెర దర్శకుడికి కూడా చెప్పలేదు. చెప్తే నవ్వుతారని. ఎడిటింగ్ గదిలో ఆమె ఒక్కతే కూర్చుని, ఆ సీటు మళ్ళీ నున్నగా అయ్యేదాకా ఆగి, అప్పుడు కోసింది. లోకంలో ఎవరో ఒక్కరు చూస్తే చాలనుకుంది. ఆ ఒక్కరు సోఫా దిండు దొంగతనం చేసి మరీ చూశారు.

చేతిలో ఫోను మోగింది. మధ్యలో తెగిపోయిందేంటని దర్శకుడు. సినిమా సంగతి ఏం నిర్ణయించుకున్నావని అడిగాడు. కత్తెర బాబాయి వైపు చూస్తూ, చేస్తానండీ అంది. ఒక్క షరతు, ఏ షాటు ఎంతసేపుండాలో నేను చెప్పినట్టే జరగాలి అంది. అవతల మనిషి అదిరిపడ్డట్టున్నాడు. ఆమెకే అదిరిపాటుగా ఉంది ఆ మాట విని. ఆయన ఒప్పుకున్నాడు.

పిన్ని దిండు లాక్కుని దులుపుతోంది. ముందు పక్కింటివాళ్ళ కుక్కకి బిస్కెట్లు కొనాలనీ, తర్వాత హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళాలనీ, అక్కడ నిలబడి నిజం చెప్పాల్సింది తాను కాదనీ బాబాయికి వినిపించేలా చెబుతోంది. బాబాయి అవేవీ వినడం లేదు. నడుం మీద చెయ్యి వేసుకుని, మెట్టు మీంచి అంచెలంచెలుగా పైకి లేచి, కత్తెర భుజం పట్టుకుని ఆమె చెవి దగ్గరగా వంగాడు.

"ఈసారి మాత్రం కాస్త తొందరగా నచ్చేటట్టు కొయ్యి తల్లీ. ఆ హాల్లో కుర్చీలు మనుషుల కోసం చేసినవి కావు."